ఏ పూట ఏం చేస్తాం?

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తిన మత్స సంతోషిది ఈ ఊరే. మొదట ఆమెకు కాంస్యం దక్కింది. బంగారు పతకం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో అది వెండిగా మారింది. అక్కడికి తూర్పున, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి పుట్టిన ఊరు. నీలంశెట్టి అప్పన్న దగ్గర ఆమె బరువులెత్తడం నేర్చుకుంది. 54 కిలోల విభాగంలో 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో పోటీపడి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది.

బరువు తగ్గడం గురించి రాయబోయి బరువులెత్తేవాళ్లతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ రెండు జిల్లాల్లో ఒంటి బరువును ఇంత పట్టింపుగా చూసుకునేవాళ్లు మరెవరూ కనబడరు. పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలై గంటలో ముగుస్తుంది. ఆలోగా కాటా మీద అంకె సరిపోకపోతే ఆ విభాగంలో చోటుండదు. సిడ్నీలో ఆ రోజు చైనాకు చెందిన లిన్ వీనింగ్, హంగేరీకి చెందిన మార్కుష్ ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. అప్పటి నిబంధన ప్రకారం ఒంటి బరువు తక్కువున్న లిన్‌కు బంగారం ఇచ్చారు. మల్లీశ్వరి 240 కిలోలతో మూడో స్థానంలో ఉంది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తగలిగి ఉంటే మొత్తం 247.5 అయి బంగారం ఆమెకే వచ్చేది.

ఆటగాళ్ల బరువుకు ఒక తేదీ ఉంటుంది, ఒక హద్దు ఉంటుంది, పక్కన ఒక గురువు ఉంటాడు. ఆ గురువు అసలు చేసే పని, ఈ రోజు ఏ లిఫ్టు, ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు అని రాసివ్వడం. పతకం పేరు రోజూ ఎవరూ ఎత్తరు, కానీ ఆ పూట పని మాత్రం తప్పదు. మామూలు మనిషి సంగతి తలకిందులుగా ఉంటుంది. ‘పది కిలోలు తగ్గాలి’ అన్న అంకె మనసులో ఉంటుంది. రేపు పొద్దున్న ఆరింటికి ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు, తానూ అనుకోడు. ఈ అధ్యాయమంతా ఆ ఖాళీ గురించే.

ముందు ఒక భ్రమ తొలగించుకోవాలి. కాటా చూపించేదంతా కొవ్వు కాదు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ ఫైనల్‌కు చేరిన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ 50 కిలోల హద్దుకు 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీకే దూరమైంది. రాత్రంతా చెమట పట్టించి, నీళ్లు తాగకుండా ఉండి తగ్గించిన బరువది. అంటే ఒంట్లోని నీటి బరువు. అది పోయినంత తొందరగానే తిరిగొస్తుంది. డైటింగ్ మొదలుపెట్టిన మొదటి వారం రెండు కిలోలు తగ్గామని సంబరపడేవాళ్లకు జరిగేదీ చాలావరకు ఇదే. మన కాలేయం, కండరాలు కలిసి గ్లైకోజెన్ అనే పిండి నిల్వను దాదాపు అరకిలో దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌నూ మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం ఒక్కసారిగా తగ్గించేసరికి ఆ నిల్వ కరిగి, దానితోపాటు నీరూ పోతుంది. నిజంగా రెండు కిలోల కొవ్వే వారంలో కరగాలంటే 15 వేల కేలరీలకు పైగా లోటు పడాలి. రోజుకు 2,200 అన్నమాట. చాలామంది రోజంతా తినేదే అంత ఉండదు. కాబట్టి రెండో వారం కాటా కదలకపోతే మీరు ఓడిపోయినట్టు కాదు, నీటి లెక్క అయిపోయి కొవ్వు లెక్క మొదలైనట్టు. ఎక్కువమంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే, ఈ ఒక్క విషయం ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల.

కొవ్వు లెక్క ఎంత నెమ్మదిగా నడుస్తుందో అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2011లో గణితంతో చూపింది. ఒళ్లు తగ్గేకొద్దీ అది ఖర్చుపెట్టే శక్తీ తగ్గుతుంది కాబట్టి బరువు ఒకే వేగంతో పడిపోదు. రోజూ తినేదాంట్లో దాదాపు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే, చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు. ఈ సూత్రాన్ని మన టీ కొట్టు దగ్గరికి తెద్దాం. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. పంచదార ఒక్కటే 160 కేలరీలు. తతిమ్మావేవీ మార్చకుండా ఆ పంచదార మానేస్తే ఏడాదికి మూడు కిలోలకు పైగా, మూడేళ్లకు ఆరున్నర కిలోల దాకా తగ్గుతుంది. అయితే ఆ లోటును సాయంత్రం బజ్జీలతో పూడ్చుకోకూడదు. వినడానికి ఇది ఉత్సాహం కలిగించే మాట కాదు. అయినా ‘నెలలో పది కిలోలు’ అని గోడల మీద రాసే ప్రకటనలకంటే ఇది మనకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

చోళ్ల (రాగుల) గురించీ ఒక మాట చెప్పాలి. చోడి అంబలి మన ప్రాంతపు గొప్ప ఆహారం. కానీ చోళ్లు తింటే బరువు తగ్గుతామని గుడ్డిగా నమ్మేవాళ్లు పెరిగారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో దాదాపు 356 కేలరీలుంటే, చోళ్లలో 320. తేడా కొద్దిపాటిదే. అసలు లాభం పీచులో ఉంది. బియ్యంలో మూడు గ్రాముల లోపు, చోళ్లలో పదకొండుకు పైగా. దానివల్ల కడుపు నిండినట్టుంటుంది, తొందరగా ఆకలి వేయదు. అన్నం తినాల్సినంతా తిని, పైన పెద్ద గ్లాసు అంబలి తాగితే మాత్రం బరువు పెరుగుతుంది.

మరి ఎంత తగ్గాలనుకోవాలి? మనవాళ్లకు ప్రపంచ కొలమానాలు అచ్చంగా సరిపోవు. పుణెకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన అచ్చువేసి ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనబడే భారతీయుడి పొట్టలో ఎంత కొవ్వు దాగి ఉంటుందో ఆ ఒక్క ఫొటోతో లోకానికి తెలిసింది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువని, 25 దాటితే స్థూలకాయమని 2009లో మన వైద్య నిపుణులు నిర్ణయించారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఈ హద్దులు 59 కిలోలు, 64 కిలోలు. నడుం కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. దర్జీ దగ్గరి టేపు చాలు, బొడ్డు దగ్గర చుట్టి చూసుకోవచ్చు.

అసలు కొలమానం ఇదైతే, లక్ష్యం ఇంతకంటే చిన్నది. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో ఫలితాలు వెల్లడైన మధుమేహ నివారణ అధ్యయనం పెట్టుకున్న గురి ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. డెబ్భై కిలోల మనిషికి అది ఐదు కిలోలు. అంత మాత్రానికే మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మాత్రలు వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. ఇంకా విలువైనది మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవాళ్లకు మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది, వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా. అంటే కాటా కదలని రోజుల్లో కూడా నడిచిన నడక వృథా పోలేదు. మీ ఉత్సాహం నీరుగారినప్పుడు గుర్తు చేసుకోవాల్సింది ఈ చెన్నై అధ్యయనాన్నే.

పెద్ద లక్ష్యం పెట్టుకుంటే నిరాశ తప్పదని చాలామంది వైద్యులు హెచ్చరిస్తారు. 1997లో పరిశోధకుడు గ్యారీ ఫాస్టర్ అరవై మంది స్త్రీలను అడిగితే, సగటున తమ బరువులో 32 శాతం తగ్గాలని కోరుకున్నారు. 48 వారాల చికిత్స తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. నిజానికి అది గొప్ప ఫలితం. కానీ దాదాపు సగం మంది, తాము ‘ఇంతే అయితే నిరాశపడతాం’ అని ముందే చెప్పిన బరువుకు కూడా చేరలేదు. అయితే పెద్ద కోరిక ఉన్నవాళ్లు తక్కువ తగ్గుతారన్న మాటకు మాత్రం గట్టి ఆధారం లేదని 2013లో మరో శాస్త్రవేత్తల బృందం తేల్చింది. నా అభిప్రాయం చెప్తాను. కోరిక ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, దాన్ని రోజువారీ తీర్పుగా వాడుకోవడమే ప్రమాదం. ప్రతి ఉదయం కాటా ఎక్కి తాననుకున్న ఇరవై కిలోలు తగ్గలేదేమని తనను తాను తిట్టుకునే మనిషి ఎక్కువ రోజులు నిలబడడు.

లక్ష్యాల మీద ఎక్కువగా పరిశోధించినవాళ్లు ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్. లాథమ్ 1970ల్లో అమెరికాలో దుంగలు తోలే లారీల మీద ఒక పరిశీలన చేశాడు. డ్రైవర్లు చట్టం అనుమతించిన బరువులో అరవై శాతమే ఎక్కించేవారు. ‘మీ చేతనైనంత ఎక్కించండి’ అని చెబితే మార్పు రాలేదు. ‘94 శాతం ఎక్కించండి’ అని అంకె చెప్పాక, కొన్ని నెలల్లోనే, ఒక్క పైసా అదనంగా ఇవ్వకుండానే, తొంభై శాతం దాటింది. స్పష్టమైన అంకెకు అంత బలం ఉంది. కానీ లారీలో ఎన్ని దుంగలు ఎక్కించాలన్నది డ్రైవరు చేతిలో పని. ఒంటి బరువు అలాంటిది కాదు. అది నీరు, ఉప్పు, నెలసరి, నిద్ర, మందులు, వయసు అన్నీ కలిసి తేల్చే ఫలితం. అందుకని అంకె పెట్టుకోవాల్సింది ఫలితానికి కాదు, చేతిలో ఉన్న పనికి. ‘ఐదు కిలోలు తగ్గుతా’ కన్నా ‘వారంలో ఐదు రోజులు అరగంట నడుస్తా’ మంచి లక్ష్యం. దానికన్నా మంచిది ఇంకోటుంది.

2002లో ఇంగ్లండ్‌లో 248 మంది విద్యార్థుల మీద మిల్న్, ఆర్బెల్, షీరన్ చేసిన ప్రయోగం చూడండి. వచ్చే వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయాలి. ఏమీ చెప్పనివాళ్లలో 38 శాతం చేశారు. వ్యాయామం వల్ల గుండెకు ఎంత మేలో చదివించి ఉత్సాహపరిచినవాళ్లలో 35 శాతం, అంటే ఏ ప్రయోజనమూ లేదు. మూడో గుంపుకు అదే చదివించి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో ఒక వాక్యం రాయించారు. వాళ్లలో 91 శాతం చేశారు! ప్రేరణ కోసం వీడియోలు వెతుక్కునేవాళ్లంతా ఈ మూడు అంకెలనూ గోడకు అంటించుకోవాలి. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చుంటే అది రాదు. గంట, చోటు ముందే తేల్చుకుంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి.

కలలు కనడం ఇంకా నష్టం చేస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త గాబ్రియేల్ ఎట్టింగెన్ 1991లో బరువు తగ్గే శిబిరంలోని స్త్రీలను ఏడాదిపాటు గమనించింది. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నబడిపోయినట్టు, అందరూ మెచ్చుకుంటున్నట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లు మాత్రం తక్కువ తగ్గారు. ఊహలోనే గెలిచేసిన మనసు లేచి చెప్పులు తొడుక్కోదు. ఆమె సూచించే దారి, కోరికను తలచుకున్న వెంటనే దానికి అడ్డుపడేదాన్ని కూడా తలచుకోమని.

మన అడ్డంకులు మనవే. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీదో, శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియంలోనో నడవాలనుకున్నవాళ్లకు మే నెలలో పొద్దున్న ఏడింటికే ఎండ, అక్టోబరులో తుపాను వాన. జూట్ మిల్లు షిఫ్టుకు వెళ్లే మనిషికి వారం వారం పొద్దు మారిపోతుంది. ఇంటావిడకు పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది దాకా తన గంటంటూ ఉండదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక తినేదీ ఆవిడే. ఆమెకు ‘సంకల్పబలం లేదు’ అనడం అన్యాయం. ఆమె వాక్యం ఇలా ఉండొచ్చు: ‘పిల్లలు బడికెళ్లిన వెంటనే, వాకిలి తాళం వేసి, గుడి దాకా వెళ్లి వస్తా. వాన పడితే డాబా కింద అరగంట అటూఇటూ నడుస్తా.’ షిఫ్టు మనిషిది ఇలా: ‘ఏ షిఫ్టయినా సరే, దిగి ఇంటికొచ్చి కూర్చోకముందే నడక.’ రాత్రి భోజనానికి ఇలా: ‘రెండోసారి అన్నం పెట్టుకోబోయేముందు ఒక గరిటె పప్పో కూరో వేసుకుని తింటా, అప్పటికీ ఆకలేస్తే అన్నం.’ మిగిలిన అన్నం తెల్లారి చద్దన్నానికి ఉంచితే పారేసిన బాధ ఉండదు.

ఇంకో అడ్డంకి మన ప్రేమలోనే ఉంది. మూడు నాలుగు కిలోలు తగ్గగానే ఎదురైన ప్రతివాళ్లూ ‘ఏటమ్మా అలగ చిక్కిపోనావు, ఒంట్లో బాగోలేదేటి?’ అంటారు. ఆకలి, వలసలు చూసిన నేల ఇది. ఇక్కడ ఒళ్లు చేయడమంటే కలిగి ఉండడం, చిక్కిపోవడమంటే జబ్బో లేమో. ఆ మాటలో కీడు లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా అధిక బరువులోనే ఉన్నారు. నిన్నటి ఆకలికి ఇచ్చే జవాబు ఇవాళ్టి ఒంటికి పనికిరాదు. ఆ ప్రశ్నకు ఒక సమాధానం ముందే సిద్ధం చేసుకోండి: ‘షుగరు రాకూడదని కావాలనే తగ్గుతున్నాను, పిన్నీ.’ ఇది పైకి చెప్పడంలో ఇంకో లాభం ఉంది. ఎందుకు తగ్గుతున్నామో మన నోటితో మనమే చెప్పుకుంటాం. పెళ్లిలో ఫొటో కోసమో, భర్త వెక్కిరింతకో తగ్గడం మొదలుపెట్టినవాళ్లకంటే తమకు తాము ముఖ్యమనుకున్న కారణంతో మొదలుపెట్టినవాళ్లు తగ్గిన బరువును ఎక్కువ కాలం నిలుపుకున్నారని మనస్తత్వవేత్తలు డెసి, రయన్‌ల సిద్ధాంతాన్ని అనుసరించి 1996లో జరిగిన అధ్యయనం చెప్పింది. మోకాళ్ల నొప్పి లేకుండా గుడి మెట్లెక్కాలన్నా, మనవడిని ఎత్తుకోవాలన్నా చాలు, ఆ కారణం మీదై ఉండాలి.

ప్రేరణ గురించి ఇన్ని విదేశీ పేర్లు చెప్పాను కానీ, దానికి మించిన ప్రయోగశాల మన వీధిలోనే ఉంది. కార్తీకం వచ్చేసరికి అయ్యప్ప మాల వేసుకునేవాళ్లను చూడండి. ఏళ్ల తరబడి తాగుడు మానలేని మనిషి నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేస్తాడు. ఇది ఎలా సాధ్యం? మొదలుకు తేదీ ఉంది. ప్రతి పూటకూ ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంది. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్ట రోజంతా గుర్తు చేస్తుంటాయి. ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. తోటి స్వాములుంటారు. భక్తి లోతును నేను కొలవబోవడం లేదు. కానీ మనస్తత్వ శాస్త్రం చెప్పే పనిముట్లన్నీ అక్కడున్నాయి. కొత్త వారం, కొత్త నెల, కొత్త ఏడాది మొదట్లో జనం వ్యాయామశాలలకు ఎక్కువగా వెళ్తారని 2014లో డాయ్, మిల్క్‌మన్, రీస్ చూపించారు. ఉగాది, కార్తీకం, పైడితల్లి సిరిమాను ఉత్సవం వెళ్లిన మర్నాడు, ఏదైనా అలాంటి మొదలే.

చిక్కంతా మాల తీసేశాకే. లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని గమనించి 2010లో చెప్పినదాని ప్రకారం, ఒక పని ఆలోచించకుండా చేసేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 పట్టేలా ఉంది. వ్యాయామం లాంటివాటికి ఎక్కువ. నలభై ఒకటి మంచి మొదలు, అంతకు మించి ఆశపడకూడదు. అదే అధ్యయనంలో ఇంకో మాట మన దీక్షలకు భిన్నమైనది: ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడడానికి పెద్దగా నష్టమేమీ లేదు. దీక్షలో తప్పు దోషం. నడకలో తప్పు కేవలం ఒక రోజు. కనుమ నాడు మాంసం, పోకుండలు కడుపునిండా తినండి, మర్నాడు మామూలు గంటకు బయటకు నడవండి. ‘ఎలాగూ చెడింది, ఇంక ఉగాదికి చూద్దాం’ అనే మాటే అన్నిటికన్నా ఎక్కువ బరువు పెంచుతుంది.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోనూ అమ్మకానికొచ్చాయి. అవి పనిచేస్తాయి, కొందరికి నిజంగా అవసరం. కానీ వెగోవీలోని సెమాగ్లూటైడ్ మందు మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు అధ్యయనాల్లో తేలింది. డాక్టరు చెబితేనే వాడాలి. వాడినా పైన చెప్పిన వాక్యం రాసుకోక తప్పదు.

చివరిగా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు లక్షణాలేవీ బయటపడకుండానే ముదురుతుంది. బరువు తగ్గాలని ఎవరో చెప్పిన ప్రొటీన్ పొడులు తాగడం, వ్యాయామం చేసి ఒళ్లు నొప్పులని నొప్పి మాత్రలు మింగడం, ఎండలో నీళ్లు తాగకుండా చెమట పట్టించడం, ఈ మూడూ అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు హాని చేస్తాయి. కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే అదీ జబ్బుకు గుర్తు కావచ్చు, సంతోషించకండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి. ఏ కొత్త తిండి పద్ధతైనా మొదలుపెట్టేముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి. నడక మొదలుపెట్టేది ఆ తర్వాతే.